కాక కారెక్కిన కంప్యూటర్

ఆ రోజుల్లో పాటకు బరువుండేది. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే నవ్వుతారు గానీ, క్యాసెట్లయితే సంచిలో మోసేవాళ్లం, సీడీలయితే గీతలు పడకుండా పాత బనీను గుడ్డలో చుట్టుకునేవాళ్లం. ఇక నా పాటలయితే నలుగురు మనుషులు, ఒక కారు, ఒక ట్రాక్టర్ బ్యాటరీ ఉంటే తప్ప ఇల్లు కదిలేవి కావు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో ఒక కంప్యూటర్ దుకాణంలో నాకు కొలువు. కొలువంటే పెద్దగా ఊహించుకోకండి. దరఖాస్తులు టైపు చేయడం, పెళ్లిపత్రికల్లో తప్పులు దిద్దడం (ఒక్కోసారి కొత్తవి చేర్చడం), అడిగినవాళ్లకు సీడీల మీద పాటలు ఎక్కించడం. అయినా మా గల్లీలో అందరూ నన్ను 'కంప్యూటర్ సార్' అనేవాళ్లు. అందులో గౌరవం ఎంత, ఎగతాళి ఎంత అని తూచి చూసుకునే తెలివి ఇరవై రెండేళ్ల వయసులో నాకు లేదు. మొత్తం గౌరవం ఖాతాలోనే వేసుకున్నాను.

ఇంట్లో కూడా ఒక కంప్యూటర్ ఉండేది. పాత సామాన్లు తెచ్చి నేనే బిగించుకున్నది. దాని పొట్టనిండా పాటలే. ఎవరి దగ్గర ఏ సీడీ ఉందన్నా సైకిలేసుకుని పోయి, బతిమాలి తెచ్చి, కాపీ చేసుకుని, మళ్లీ ఇచ్చి వచ్చేవాణ్ని. మూడేళ్లు అదే పని. మా బాపుకు, అంటే నాన్నకు, గంజ్ మార్కెట్ దగ్గర చిన్న కిరాణా దుకాణం. ఆయనకు ఆ యంత్రం అంటే చులకన. "పనిలేని డబ్బా" అనేవాడు. "పాటలు ఇననీకె రేడియో ఉన్నది గద. గీ డబ్బాకు ఫ్యాను, కుర్చీ, బల్ల, దుప్పటి. మనింట్ల అల్లునికి గూడ గింత మర్యాద లేదు" అనేవాడు. (మాకు అప్పటికి అల్లుడే లేడు. మాట వరసకు అన్నమాట.)

అలాంటి బాపు ఆ డబ్బా ముందుకు వచ్చి కూర్చునేలా చేసింది మా నాయినమ్మ. ఆమె బీడీలు చుట్టేది. చాట ఒళ్లో పెట్టుకుని, కత్తెరతో ఆకు కత్తిరిస్తూ, తనకు తానే పాడుకునేది. ఒకరోజు నేను కొత్తగా మైకు కొనుక్కొచ్చి, పనిచేస్తుందో లేదో చూడటానికి మొదట దొరికిన గొంతు ఆమెదే కాబట్టి, ఆమె ముందు పెట్టాను. పొయ్యి మీద పాలు పెట్టి, చూస్తుండమని మా అవ్వ (మా దిక్కు కన్నతల్లినే అవ్వ అంటాం) నాకు చెప్పి నీళ్లకు పోయింది. నేను పాలు మరిచి మైకు చూస్తున్నాను. నాయినమ్మ పాడింది:

"ఆకు కత్తిరిస్తి కొడుకా, ఆశ కత్తిరియ్యకుంటి
దారమేసి సుడితి కొడుకా, దండిగ నువ్వు బతకాలని..."

మూడో చరణం అందుకోబోతూ ఆగి, ముక్కు ఎగబీల్చి, "ఓరి, పాలు పొంగుతున్నయ్ సూడు" అంది. నేను లేచి ఉరికాను. మైకు ఆపలేదు. అందుకని ఆ పాట చివర నాయినమ్మ మాట, నా ఉరుకు, గిన్నె కిందపడ్డ చప్పుడు, ఆపైన "గీ పోరనికి కండ్లు నెత్తికెక్కినయ్" అన్న ఆమె తీర్పు, అన్నీ పదిలంగా రికార్డయ్యాయి.

ఆ ఏడు చలికాలంలో నాయినమ్మ పోయింది. పన్నెండో రోజు దాటాక, పొద్దున్నే దుకాణం తాళాలు చేతిలో పట్టుకుని బాపు నా గదిలోకి వచ్చాడు. డబ్బా ముందు కూర్చుని, "మా అవ్వను వెట్టు" అన్నాడు. అంతే. పెట్టాను. పాలు పొంగే దాకా విని, కండువాతో ముఖం తుడుచుకుని దుకాణానికి పోయాడు. ఆ రోజు నుంచి అది రోజూ ఉన్నదే. నిద్రకళ్లతో వేల పాటల్లో వెతకలేక, ఆ ఫైలు పేరుకు ముందు ఇంగ్లీషు 'ఏ' అక్షరం మూడుసార్లు కొట్టాను, జాబితాలో అన్నింటికన్నా పైన నాయినమ్మే ఉండేలా. దాన్నొక సీడీ మీదకు తీసి దాచాలన్న ఆలోచన మాత్రం, ఊరందరికీ సీడీలు చేసిపెట్టే నాకు ఒక్కనాడూ రాలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

సంవత్సరీకం దగ్గర పడింది. కందకుర్తిలో గోదావరి సంగమానికి పోయి, స్నానం చేసి, పిండాలు పెట్టి రావాలని బాపు అనుకున్నాడు. బాపు తమ్ముడు, అంటే మా కాకకు ఒక తెల్ల అంబాసిడర్ ఉండేది. కిరాయికి నడిపేవాడు. అందులో క్యాసెట్ల టేపు, వదులై ఊడి రాకుండా రబ్బరు చెప్పు ముక్క అడ్డం పెట్టి ఉండేది. ప్రయాణం ముందురోజు బాపు నన్ను పిలిచాడు.

"సంగమం కాడికి మా అవ్వను గూడ తీస్కపోదాంరా. నేను నీళ్లల్ల దిగేటప్పుడు కారులకెళ్లి ఆమె గొంతు ఇనవడాలె. అయితదా?"

ఆయన నన్ను అడిగిన మొదటి సహాయం అది. నా ఛాతీ రెండింతలైంది. "ఎందుకు కాదు బాపూ" అన్నాను. పక్కనే ఉన్న కాక, "గంతేనా? ఆ పాట ఒక క్యాసెట్ల నింపుకోని రా. నా టేపుల వెడ్తే పాడదా?" అన్నాడు. ఎంత సులువైన మాట. ఇప్పటికీ తలుచుకుంటే చెంపలు వేసుకోవాలనిపిస్తుంది. నేనేమన్నానో తెలుసా? "క్యాసెట్ల నింపితే సౌండ్ ఖరాబ్ అయితది కాకా. నాది డిజిటల్."

"డిజిటల్ అంటే ఏందిరా?"

"అంటే, ఎన్నటికి ఖరాబ్ గానిది."

కాక తన అంబాసిడర్‌ను ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. అసలు సంగతి ఏమిటంటే, పాట ఒక్కటి తీసుకుపోతే నా గొప్ప ఏముంది? నిజామాబాద్ నుంచి బోధన్ దాకా, ఆపైన సంగమం దాకా, మూడేళ్ల నా పాటల సంపద మొత్తం కాక కారులో మోగాలి. అది బాపు వినాలి. పనిలేని డబ్బా అన్నవాడి చేత ఔరా అనిపించాలి. నాకు కావలసింది అదీ.

మర్నాడు పొద్దున మా గల్లీ జనం వాకిళ్లలోకి వచ్చి చూశారు. వెనక సీటు మధ్యలో కంప్యూటర్ డబ్బా, కదలకుండా రెండు దిండ్ల మధ్య. కింద కాళ్ల దగ్గర ట్రాక్టర్ బ్యాటరీ, దానికి బిగించిన ఇన్వర్టర్, ఆ పక్కనే నువ్వులు, బియ్యం, విస్తరాకుల సంచి. నా ఒళ్లో కీబోర్డు, తొడ మీద మౌసు. మిగిలింది మానిటర్. అప్పటి మానిటర్లు ఇప్పటిలా పలకలు కావు, చిన్నపాటి నీళ్ల గోలేలు. దాన్ని మా అవ్వ ఒళ్లో పెట్టాను.

"గీ టీవీని నేనెందుకు ఎత్తుకోవాలెరా, ఇదేమన్న పసిపిల్లనా?"

"గంటసేపే అవ్వా. జెర్ర గట్టిగ పట్టుకో. ఊపకు."

"నిన్ను గూడ గిట్లనే మోసిన. నువ్వే బరువు తక్కువుంటివి" అని, చలికి వణుకుతుందేమో అన్నట్టు దానికి శాలువా కప్పింది.

కంప్యూటర్ నుంచి కారు టేపులోకి పాట వెళ్లడానికి ఒక ఉపాయం ఉండేది. చూడటానికి మామూలు క్యాసెట్టే, కానీ దానికి ఒక వైరు వేలాడుతుంది. వైరు కొసను కంప్యూటర్‌కు గుచ్చి, క్యాసెట్‌ను టేపులోకి తోయాలి. కాక దాన్ని వేళ్లతో పట్టుకుని, "దీనికి తోకేందిరా? ఎలుకనా?" అన్నాడు. తోయగానే కారు నాలుగు మూలల నుంచీ పాట వచ్చింది. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాక కూడా స్టీరింగు మీద తాళం వేశాడు. బాపు మాత్రం ముందు సీట్లో కదలకుండా కూర్చుని, ఊరు దాటాక, "మా అవ్వను వెట్టరాదు" అన్నాడు.

"సంగమం కాడ వెడ్త బాపూ. గంతదాక ఇవి ఇను. ఇంకా మంచివి ఉన్నయ్."

బాపు మళ్లీ అడగలేదు. ఆయన అలవాటు అది, ఒకసారే అడుగుతాడు. నేను ఒకదాని తర్వాత ఒకటి నా ఇష్టమైన పాటలే వేసుకుంటూ పోయాను. బోధన్‌లో చాయ్‌కి ఆగినప్పుడు, శాలువా కప్పుకున్న మానిటర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మా అవ్వను చూసి ఒకామె దగ్గరికి వచ్చి, "బిడ్డకు ఏమైందమ్మా, దవాఖానకా?" అంది. అవ్వ ఏమాత్రం తొణకలేదు. "ఏం గాలె చెల్లె. జెర్ర పాటలు ఎక్కువ పాడుతుంది" అంది.

బోధన్ దాటాక రోడ్డు రోడ్డులా లేదు. చెరుకు కొట్టే కాలం. బరువు ట్రాక్టర్లు తిరిగి తిరిగి రోడ్డంతా గుంతలు పడ్డాయి. కాక మెల్లగానే నడిపాడు, పాపం. అయినా ఒక గుంతలో ముందు చక్రం దిగింది, ఎక్కింది, ఆ వెంటనే వెనక చక్రం దిగింది. దిండ్ల మధ్య డబ్బా ఒక్కసారి ఎగిరి కూర్చుంది. పాట ఆగిపోయింది. డబ్బాలోంచి టక్, టక్, టక్ అని, గోడ అవతల ఎవరో మేకు కొడుతున్నట్టు చప్పుడు.

"ఒరే, గిది నీలంగ అయిందిరా. అన్నీ తెల్ల అక్షరాలు" అంది అవ్వ.

ఆ టక్ టక్ అంటే ఏమిటో దుకాణంలో పనిచేసేవాణ్ని కాబట్టి నాకు తెలుసు. గిరగిరా తిరిగే పళ్లెం ఒకటి ఆ డబ్బాలో ఉంటుంది. పాటలన్నీ దాని మీదే. తిరిగేటప్పుడు దాన్ని కుదిపితే గీత పడుతుంది. కుదపకూడదని ఊరందరికీ చెప్పేవాణ్ని నేనే. కారు ఆపించి, ఆపి, వెలిగించి, మళ్లీ ఆపి, మళ్లీ వెలిగించాను. టక్, టక్. నా భయం మూడేళ్ల పాటలు పోయినందుకు కాదు. నిజంగా, అవేవీ గుర్తుకే రాలేదు. బాపు వెనక్కి తిరిగి నా ముఖం చూస్తున్నాడు.

"మా అవ్వ గూడ గండ్లనే ఉండె గద?"

ఉన్నదన్నట్టు తలూపాను. తిడితే బాగుండేది. చెంప మీద ఒకటి ఇచ్చినా బాగుండేది. ఆయన ముందుకు తిరిగి, "సరే, నడువు తమ్మీ. పొద్దెక్కుతుంది, నీళ్లల్ల దిగాలె" అన్నాడు. ఎన్నటికీ ఖరాబు కానిది అని నేను చెప్పిన మాట కాకకు గుర్తుండే ఉంటుంది. కానీ ఆయన దాన్ని ఆ రోజే కాదు, ఇంతవరకూ ఎత్తలేదు. అందుకు ఆయనకు నేను జీవితమంతా రుణపడి ఉన్నాను.

సంగమంలో బాపు మొలలోతు నీళ్లలోకి దిగాడు. ఒకసారి ఒడ్డు మీద ఉన్న కారు వైపు చూశాడు. అలవాటుగా చూశాడేమో, నాకు మాత్రం ఈటెతో పొడిచినట్టయింది. టేపులో ఇంకా తోక క్యాసెట్టు తిరుగుతూనే ఉంది, ఉత్త సుయ్‌మనే చప్పుడుతో. పోయి దాన్ని పీకేశాను. పిండాలు పెట్టడం అయ్యింది. తిరుగు ప్రయాణంలో వెలగని మానిటర్‌ను అవ్వ ఇంకా ఒళ్లోనే పెట్టుకుని, నేను దింపుతానన్నా వినకుండా, దాని నెత్తి మీద చెయ్యి వేసి కూర్చుంది.

బోధన్ దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం. చెరుకు ట్రాక్టర్లు చక్కెర ఫ్యాక్టరీ తూకం కాంటా కోసం బారుగా నిలబడి ఉన్నాయి. రోడ్డులో సగం అవే. వాటి పక్కనుంచి జరగలేక మా కారు కూడా ఆగింది. ఆ బారులో గంటలు గంటలు ఉండాలి కాబట్టి ఒక్కో డ్రైవరు టేపు పెట్టుకుని ఒక్కో పాట వింటున్నాడు. మా ముందున్న ట్రాక్టర్లో ఏదో సీడీ పాట అయిపోయింది. డ్రైవరు వంగి ఏదో నొక్కాడు. కత్తెర చప్పుడు వినిపించింది. ఆకు కత్తిరించే కత్తెర. ఆపైన గొంతు.

"ఆకు కత్తిరిస్తి కొడుకా..."

కారులో నలుగురం కొయ్యబారిపోయాం. ముందు తేరుకున్నది బాపే. తలుపు తీసుకుని, తడి ఇంకా ఆరని ధోవతితో, చెప్పులు కూడా వేసుకోకుండా ట్రాక్టర్ దగ్గరికి నడిచాడు. నేను వెనకాలే ఉరికాను. డ్రైవరు నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "అరె, సీడీ అన్న! నువ్వేంది ఈడ?"

నాకప్పుడు గుర్తొచ్చింది. మోస్రా నుంచి వచ్చే డ్రైవరు. అంతకుముందు దసరాకు కొత్తగా సీడీ టేపు పెట్టించుకున్నానని, పాటలు కావాలని మా దుకాణానికి వచ్చాడు. ఆ రోజు దుకాణంలో మిషన్ పాడైతే ఇంటికి తీసుకుపోయాను. అవ్వ ఆయనకు చాయ్ ఇచ్చింది. నేను క్రికెట్ చూసే తొందరలో ఉన్నాను. ఆయన కాగితం మీద రాసుకొచ్చిన పాటలను ఏరి ఏరి ఎక్కించే ఓపిక లేక, దొరికిన పాటలను దొరికినట్టు పైనుంచి కిందకు పట్టి ఒక్కసారిగా సీడీలోకి తోసేశాను. అన్నింటికన్నా పైన ఎవరున్నారో చూడనే లేదు.

"సీడీ వెట్టంగనే మొదలు గీ ముసలవ్వనే వస్తది" అన్నాడు ఆయన బాపుతో. "ఎవరో ఏందో మాకెర్కలే పెద్దబాపూ. మొదలు తీసేద్దామనుకున్న. తర్వాత అలవాటైంది. లైన్ల ఉన్నోళ్లు అడిగితే కాపీలు చేయించి ఇచ్చిన. మా లైన్ల సగం బండ్లల్ల ఈమెనే ఉన్నది."

అప్పుడే బారు ముందు నుంచి కదిలింది. మా ముందు డ్రైవరు బాపుతో మాటల్లో పడి చూసుకోలేదు. వెనక ట్రాక్టర్ మీదినుంచి ఒకతను హారన్ కొట్టకుండా, గొంతెత్తి అన్నాడు.

"ఓ అన్నా, పాలు పొంగుతున్నయ్ సూడు."

ఆ బారులో అది మామూలు మాటైపోయిందట. ఎవరైనా స్టీరింగు మీద కునుకుపడితే, ముందు ఖాళీ అయినా జరగకపోతే, అలా పిలుస్తారట. మా నాయినమ్మ బతికినన్నాళ్లూ బోధన్ చూసిందో లేదో నాకు తెలియదు. ఆమె మాట మాత్రం ఏడాది తిరగకముందే అక్కడి చెరుకు బండ్లను నడిపిస్తోంది.

బాపు నవ్వాడు. ఏడాది తర్వాత ఆయన పళ్లు కనిపించేలా నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "గామె మా అవ్వ బిడ్డా" అన్నాడు డ్రైవరుతో. డ్రైవరు స్టీరింగు మీది చేతులు తీసి దండం పెట్టాడు. కాక కారు టేపుకు సీడీ పట్టదు. ఇంటికి పోయినా సీడీ పెట్టే కంప్యూటర్ చచ్చి ఉంది. అది తెలిసి బాపు ఇంకేమీ ఆలోచించలేదు. ధోవతి ఎగగట్టి ట్రాక్టర్ మడ్‌గార్డు మీదికెక్కి కూర్చున్నాడు. "కాంటా దాక వస్త. ఇంకోసారి వెట్టు" అన్నాడు.

అలా బాపు చెరుకు ట్రాక్టర్ మీద, గజం గజం జరుగుతూ, కాంటా దాకా మా నాయినమ్మను విన్నాడు. ఎన్నిసార్లు విన్నాడో లెక్క లేదు. వెనకాలే మా అంబాసిడర్ బరాత్‌లో పెళ్లికొడుకు కారులా పాకుతూ వచ్చింది. ప్రతిసారీ పాలు పొంగగానే ముందు వెనక బండ్ల నుంచి నవ్వులు. బాపు అందరికీ వినపడేలా, "గా దినం పాలు నిజంగనే పొంగినయ్. మావోడే సూడలేదు" అని చెప్పాడు. కారులోంచి అవ్వ తల బయటపెట్టి, "ఆ గిన్నె మాడు ఇంకా పోలేదు. ఇప్పటికీ తోముతనే ఉన్న" అంది.

బాపు దిగేటప్పుడు డ్రైవరు టేపులోంచి సీడీ తీసి, లుంగీ అంచుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "నీదే గద అన్నా, తీస్కపో. మల్లొచ్చినప్పుడు నాకోటి జేసియ్యి. మొదలు మాత్రం అవ్వనే ఉండాలె." కారెక్కాక బాపు ఆ సీడీని కండువాలో చుట్టుకుని, ఇల్లు చేరేదాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు. నేను సిగ్గుతో తల వంచుకుని కూర్చున్నాను. బాపు వెనక్కి చేయి చాపి నా మోకాలు తట్టాడు. "ఆ డబ్బా మల్ల బాగు చేయించుకో. పనికొస్తది" అన్నాడు. ఔరా అనలేదు. నాకు అది చాలు.

ఆలోచిస్తే వింతగానే ఉంటుంది. ఎంతో భద్రంగా, దిండ్ల మధ్య, దుప్పటి కప్పి దాచుకున్నది గుంతలో పోయింది. బద్ధకంతో, క్రికెట్ తొందరలో, ఎవరికో ఇచ్చేసింది దక్కింది. ఆ మోస్రా అన్నకు అడిగిన సీడీయే కాదు, ఆ తర్వాత ఎన్నో చేసిచ్చాను. దేనికీ ఏమీ తీసుకోలేదు. ఆయన నాకు ఇచ్చింది అంతకన్నా పెద్దది.

ఇప్పుడు నా కారులో తాళం తిప్పితే చాలు, జేబులో ఉన్న ఫోను తనే పోయి టేపును కలుసుకుంటుంది. తోకా లేదు, బ్యాటరీ లేదు, మా అవ్వ ఒళ్లో ఏ బరువూ లేదు. నాయినమ్మ పాట నా ఫోనులో ఉంది, కాక ఫోనులో ఉంది, చుట్టాలందరి ఫోన్లలో ఉంది. అడిగినా అడగకపోయినా అందరికీ పంపుతాను. పేరు ముందు మూడు 'ఏ'లు ఇప్పటికీ తీయలేదు. కాబట్టి ఎక్కడికి బయలుదేరినా మొదట కత్తెర చప్పుడే. ముందు సీట్లో బాపు ఏమీ అడగడు, చెయ్యి చాపి సౌండు కొంచెం పెంచుతాడు. మొన్న బస్టాండు దగ్గర సిగ్నల్ పడింది. ఒళ్లో కీబోర్డు, ముఖం నిండా గర్వం పెట్టుకుని కూర్చున్న ఆ కంప్యూటర్ సారును తలుచుకుని నాలో నేను నవ్వుకుంటూ ఉండిపోయాను. పచ్చలైటు పడిన సంగతే చూడలేదు. వెనక సీట్లోంచి నా బిడ్డ, ముత్తవ్వను కళ్లతో ఎన్నడూ చూడనిది, నా భుజం మీద తట్టి అంది:

"బాపూ, పాలు పొంగుతున్నయ్ సూడు."